ఎవరు పాడారో చెప్పకుండా

డెట్రాయిట్‌లో ఓ సెలూన్ వెనక గదిలో ప్రతి శనివారం మధ్యాహ్నం ఏడుగురు ముసలాళ్ళు కూడతారు. అందరూ నల్లవాళ్ళే, కార్ల ఫ్యాక్టరీలో నడుములు విరగ్గొట్టుకుని రిటైరైనవాళ్ళే. వారానికొకరు తమకు ప్రాణంలాంటి మూడు రికార్డులు తెచ్చి వినిపించాలి. ఒకటి జాజ్ వాయిద్యం, ఒకటి గుండె పిండే సోల్ పాట, ఒకటి ఫిడేలు. ఎవరు వాయించారో, ఎవరు పాడారో ముందు చెప్పకూడదు. విన్నవాళ్ళు మొహమాటం లేకుండా నోటికొచ్చింది అనేశాకే చెప్పాలి. మధ్యలో ఈ ఫిడేలేమిటంటారా? అది వాళ్ళలో ఒకడైన ఎజెల్ పట్టు. "అలబామాలో మా తాత ఫిడేలు వాయిస్తే ఊరు ఊరంతా గంతులేసేది. అది తెల్లవాళ్ళ సొత్తని ఎవడన్నా అంటే ఊరుకోను" అని మొదటిరోజే బల్ల గుద్దాడు.

ఈ గుంపులో చెవికి పెట్టింది పేరు అమోస్. ట్రంపెట్ రెండు ఊపిర్లు వినిపిస్తే చాలు, ఊదినవాడెవడో చెప్పేస్తాడు. చెప్పి ఊరుకుంటే బాగుండును. మిగతావాళ్ళకేసి అయ్యో పాపం అన్నట్టు ఓ చూపు చూస్తాడు, ఒళ్ళు మండిపోతుంది.

అతని భార్య వెర్నిటా పదకొండేళ్ళుగా వీళ్ళందరికీ చేపల వేపుడు, పీచ్ పళ్ళతో చేసే కాబ్లర్ అనే తీపి వంటకం మోసుకొస్తోంది. ఆవిడకూ చెవులున్నాయని ఒక్కడికీ తోచలేదు. మగమహారాజులు మరి! పోయినవారం ఆవిడే గిన్నెలు సర్దుకుంటూ అంది, "వచ్చే శనివారం నా వంతు."

"నీ వంతేంటి?" అమోస్ నవ్వాడు. "ఏం తెస్తావు, చర్చి పాటలా?"

"తెచ్చాక వింటావుగా."

తెచ్చింది. మొదట ఓ జాజ్ పియానో పెట్టింది, అమోస్ ఇట్టే పేరు చెప్పేశాడు. తర్వాత ఓ కెంటకీ ముసలాయన ఫిడేలు. అదీ చెప్పేశాడు. ఎజెల్ కళ్ళు తుడుచుకున్నాడు. మూడోది పేరూ బొమ్మా లేని తెల్ల అట్టలోంచి తీసింది.

అది ఆవిడ పందొమ్మిదో ఏట పాడిన పాట. ఓ చిన్న కంపెనీవాళ్ళు నేలమాళిగలో రికార్డు చేశారు. మేనమామ ఫిడేలు వాయించాడు. మూడొందల కాపీలు అచ్చయ్యాయి, అంతే. "ఫోన్ చేస్తానమ్మా, ఇంకోటి చేద్దాం" అన్నాడు కంపెనీ ఆయన. ఆ నెలలోనే అమోస్‌తో పెళ్ళయింది. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పని ముగించుకుని రోజూ ఇంటికొస్తూనే "ఫోనేమైనా వచ్చిందా?" అని అడిగేది. "రాలేదు" అనేవాడు అమోస్. నాలుగు నెలలు ఎదురుచూసింది. మన గొంతు అంతంతమాత్రమే కాబోలు అనుకుని ఆ రికార్డును టోపీల పెట్టెలో అడుగున పడేసింది. ఆ తర్వాత యాభై ఏళ్ళలో స్నానాల గదిలో కూడా పాడలేదు. ఈ మధ్య డాక్టరు గుండె సంగతి ఏదో చెప్పాక ఒకటే కోరిక పట్టుకుంది. తను పాడిందని తెలియకుండా అమోస్ చెవి ఒక్కసారి బాగుందనాలి. అంతకంటే ఏమీ అక్కర్లేదు.

ముందు ఫిడేలు వచ్చింది, దాని వెనకే గొంతు. అమోస్ చేతులు కట్టుకుని పైకప్పు చూస్తూ విన్నాడు. పాట అయిపోయింది.

"ఎవరీ పిల్ల?" అన్నాడు. "ముక్కుతో పాడుతోంది. ఊపిరి చాలట్లేదు. ఆ ఫిడేలాయన చెయ్యి పట్టుకుని నడిపించబట్టి సరిపోయింది గానీ, లేకపోతే రెండో చరణం దాకా వచ్చేది కాదు. ఎవడో పాపం, రికార్డు దండగ చేసుకున్నాడు."

వెర్నిటా రికార్డు మీంచి ముల్లు ఎత్తింది. అట్ట చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది.

"ఆగరా అమోస్," అన్నాడు ఎజెల్. ఆవిడకేసి తిరిగాడు. "చెల్లెమ్మా, ఇది నువ్వు కదూ? మమ్మల్ని తినడానికి పిలుస్తావే, చివర్లో ఇలాగే సాగదీస్తావు."

ఆవిడ తలూపింది. గదంతా గొల్లున నవ్వింది.

"ఏడిసినట్టుంది నీ చెవి! పెళ్ళాం గొంతు పోల్చలేకపోయావుట్రా?"

"ఊళ్ళోవాళ్ళ ఊపిర్లన్నీ తెలుసు, మీ ఇంటి ఊపిరి తెలీదా?"

అమోస్ మొహం మాడిపోయింది. తప్పయింది, పోల్చలేదు అని ఒక్కమాట అనేస్తే నవ్వులతో పోయేది. అంటాడా? పెళ్ళాం మనసు విరిగినా ఫరవాలేదు, చెవికున్న పేరు పోకూడదు.

"ఎవడ్రా పోల్చలేదన్నది? మొదటి మాటకే తెలిసింది నాకు! ఇవాళ కొత్తగా అంటున్నానా? ఆ కంపెనీవాడు ఫోన్ చేసినప్పుడే చెప్పాను, దాని గొంతులో పస లేదు, మమ్మల్ని విసిగించకని. మూడుసార్లు చేశాడు, మూడుసార్లూ ఇదే..."

అక్కడ ఆగాడు. నవ్వులూ ఆగాయి. నిజంగా పోల్చాడో, పరువు కోసం అన్నాడో దేవుడికే తెలియాలి. ఫోన్ సంగతి మాత్రం నిజం.

"మూడుసార్లు చేశాడా?" అంది వెర్నిటా.

"వెర్నీ, ఎప్పటి సంగతో అది..."

"రోజూ అడిగేదాన్ని. రాలేదన్నావు."

"కొత్తగా పెళ్ళయింది. నువ్వు పాటలంటూ ఊళ్ళు పట్టుకు తిరిగితే నా గతేంటి?" అమోస్ గొంతు తగ్గించాడు. "బాగా పాడావే. ఇప్పుడు విన్నా బాగుంది. బాగుంది కాబట్టే భయమేసింది."

ఆ మాట కోసమే ఆవిడ వచ్చింది. ఇప్పుడది చెవిన పడుతుంటే రికార్డు తీసి అట్టలో పెట్టేసింది.

"మన పిల్ల డెనీస్‌కి పద్నాలుగేళ్ళప్పుడు," అంది మెల్లగా, "చర్చిలో పాడేవాళ్ళతో చేరతానని నా ప్రాణాలు తోడేసింది. మన ఇంట్లో గొంతులు లేవే, నలుగురిలో నవ్వులపాలవుతావని నేనే ఆపాను. నా చేతులతో నేనే. మూడు రోజులు అన్నం ముట్టలేదు పిల్ల. మళ్ళీ ఎప్పుడూ ఇంట్లో కూనిరాగం తీయలేదు. నువ్వక్కడే కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నావు అమోస్. అప్పుడన్నా నోరు విప్పాల్సింది."

ఎజెల్ లేచి ఆవిడకు కోటు అందించాడు.

సెలూన్ బయట చలిలో నిలబడి వెర్నిటా కూతురి నంబరు తీసి నొక్కింది. నలభై ఎనిమిదేళ్ళ మనిషికి, నీ గొంతు బాగుండేదే అమ్మా అని ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పడం? "ఏంటమ్మా, అంతా బాగానే ఉందా?" అంటోంది డెనీస్ అవతలి నుంచి.