పిప్పరమెంట్ల బదులు

చెల్లెలు గౌరీశ్వరి సంచి సర్దుతూ, చీరల మడతల్లో దొరికిన రంగురంగుల పిప్పరమెంట్ల పొట్లాన్ని కాశమ్మ బయటికి తీసింది. అది 1976. పొద్దున్నే విశాఖ రేవులో అండమాన్ ఓడ ఎక్కాలి.

"ఇదేటే?"

"దీపావళి వత్తంది కదప్పా. బుజ్జిగాడికి."

అమ్మ సంవత్సరీకానికి ఒక్కతే వచ్చిన గౌరీశ్వరి, పోర్ట్‌బ్లెయిర్లో తండ్రి దగ్గరున్న కొడుకు పళ్లన్నీ పుచ్చిపోయాయనీ, మిఠాయిలు మాన్పించమని డాక్టరు చెప్పాడనీ వచ్చిన రోజే బాధపడింది. కాశమ్మ అది మరవలేదు. పొట్లాన్ని గూట్లో పెట్టేసి, వేరుశనగపప్పు వేయించి, అందులో పుట్నాలు కలిపింది.

"పండగపూట పప్పులు పెడితే అందరూ నవ్వుతారప్పా."

"నవ్వనీ. నవ్వడానికి ఆడికీ పళ్లుండాల కదా."

గౌరీశ్వరి తనూ నవ్వేసింది.

కాగితం పొట్లం సరిపోయేదే. అయినా కాశమ్మ అన్నీ అమ్మ పేరు చెక్కిన స్టీలు డబ్బాలో పోసింది. ఒకరింటి గిన్నె వాళ్లకి తిరిగి ఇవ్వాలి, అదీ ఖాళీగా ఇవ్వకూడదు. ఓడెక్కిన వాళ్లంటే ఆమెకు బెంగ. ఆ వంకతోనైనా చెల్లెలు మళ్లీ వస్తుందని ఆశ.

"డబ్బా జాగర్త. వచ్చే దీపావళికి నువ్వే తేవాల."

"తెత్తాను. కొబ్బరేసి మరీ తెత్తాను."

మరుసటి దీపావళికి డబ్బా గౌరీశ్వరి భర్త గురునాథరావు తెచ్చాడు. పిల్లాడికి కొత్త పళ్లు వచ్చాయనీ, ఒక్కటీ పుచ్చలేదనీ చెప్పాడు. డబ్బా నిండా గౌరీశ్వరి ఎండబెట్టిన కొబ్బరి ముక్కలున్నాయి. గౌరీశ్వరి రాలేదు; ఆ వానాకాలంలోనే అక్కడ జ్వరంతో చనిపోయింది. 1976లో ఓడెక్కిన మనిషి మళ్లీ విశాఖ రేవులో దిగలేదు.