గాజుబిళ్ళకు ఆయుధపూజ

ఎక్కడో నక్షత్రం పేలిపోతే నీకేం పని అని మా ఇంట్లో అందరిదీ ఒకటే మాట. నాకు చచ్చేంత పని! 2004 అక్టోబరు అది. పేలిన నక్షత్రం రోజురోజుకీ వెలుగు పెంచుకుంటూ పోతోంది. శిఖరం దాటితే ఇక ఆరిపోవడమే. ఆ వెలుగును రంగులుగా విడదీసి, ఏ రంగు ఎప్పుడు హెచ్చిందో, ఎప్పుడు తగ్గిందో పట్టుకుంటేనే నా పరిశోధన నిలుస్తుంది. లాస్‌పేటలో మా మిద్దె మీద, కాలేజీవాళ్ళిచ్చిన టెలిస్కోపుతో మొదట రెండు రాత్రులు దొరికాయి. తరువాత పట్టుకుంది ముదనష్టపు వాన. తిట్టడం తప్ప నేనేం చేయగలను?

ఆయుధపూజ నాటి సాయంత్రం ఆకాశం తెరిపిచ్చింది. నక్షత్రం శిఖరం మీదే ఉంది. పరుగున కిందికొస్తే, పూజలో కత్తిపీట, కుట్టుమిషను, నాన్న కొట్టు తక్కెడ, వాటి పక్కన నా గాజుబిళ్ళ! టెలిస్కోపుకు బిగిస్తే వెలుగును రంగులుగా చీల్చేది అదే. దాని మీద కంటికి కనపడని సన్నగీతలుంటాయి, వేలు తగిలినా పాడవుతాయి. అంచున చందనం, కుంకుమ.

"అవ్వా! ఇదేంది?" అని కేకేశాను.

"నీ ఆయుధం అదే కదా పాపా," అంది మా అవ్వ పొన్నమ్మాళ్. "అన్నింటికీ పెట్టి దానికి మాత్రం బొట్టు పెట్టకుంటే యెట్ల?"

కోపం ఆపుకుని వంగి చూశాను. బిళ్ళ నడుమ గీతలు బాగానే ఉన్నాయి, ఎలాగో సరిపెట్టుకోవచ్చు. టెలిస్కోపు మీది తార్పాలు తీస్తే నీళ్ళు చిందుతాయని గాజుబిళ్ళను కిందే వదిలి, "దాన్ని ముట్టుకోవద్దవ్వా" అని చెప్పి మిద్దెక్కాను.

తిరిగొచ్చేసరికి అవ్వ చేతిలో అది తళతళలాడుతోంది. "నీ మొగం చూసి బయమేసింది పాపా. పూజలోది ఇయాళ తీయగూడదు. అయినా నీకోసరం తీసి, చింతపండేసి తోమినా. ఒక్క మరకా లేదు చూడు."

దేవుడి పళ్ళేలు తోమిన చేయి అది. గాజుబిళ్ళను దీపం ముందు పట్టాను. రంగుల్లేవు. గీతలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. బెంగుళూరు నుంచి ఇంకోటి రావాలంటే వారం. నక్షత్రం ఎవరికోసం ఆగుతుంది?

అయినా మిద్దెక్కి దాన్నే టెలిస్కోపుకు బిగించాను. మోకాళ్ళు పట్టుకుంటూ అవ్వ కూడా మెట్లెక్కి వచ్చింది. రంగుల పట్టీ పరుచుకోవలసిన కంప్యూటరు తెర మీద ఒకే ఒక్క చుక్క.

"ఎంత తెల్లగా ఉండాదే!" అంది అవ్వ. "తోమినందుకు బాగా కనిపిస్తా ఉందా పాపా?"

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. మొహం పక్కకు తిప్పుకున్నాను.

"కనిపిస్తా ఉందవ్వా," అన్నాను.