లీకైందండి

కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. రామచంద్రపురం స్కూల్లో ఇరవై రెండేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. నా చెప్పుల చప్పుడు వింటే చాలు, పిల్లలు పుస్తకాలు తెరుస్తారు. అలాంటిదాన్ని ఒక్క విషయంలో మాత్రం తొమ్మిదేళ్ళు నోరు కుట్టుకుని కూర్చున్నాను. క్యాన్సరొస్తే ఎడమ రొమ్ము తీసేసి, ఆ చోట సిలికాన్ సంచి పెట్టారు. ఊళ్ళో నాకూ, మా ఆయన జీవరాజుగారికీ తప్ప మూడో మనిషికి తెలియదు. చర్చిలో అందరికీ గాల్‌బ్లాడర్‌లో రాళ్ళని చెప్పాం.

మొన్న ఆ పక్క ఆకారం మారినట్టు అనిపించింది. రాజమండ్రి స్కాన్ సెంటర్లో అల్ట్రాసౌండ్ తీస్తే సరిగ్గా తేలలేదు. ఎమ్మారై తీశారు. అక్కడ కౌంటర్లో కూర్చునే హారతి, మా చర్చి పాటల బృందంలో పాడే వినీలకు సొంత చెల్లెలు. ఆ పిల్లను చూడగానే పక్కకు పిలిచాను.

"ఎవరికీ చెప్పకమ్మా" అని బతిమాలాను.

"అయ్యో, ఎంత మాటండీ!" అంది.

శనివారం సాయంత్రం ఆ పిల్లే ఫోన్ చేసింది.

"దేవకుమారి టీచర్‌గారూ, లీకైందండి."

"ఏంటీ?"

"లీకైందండి. సోమవారం డాక్టరుగారు మిమ్మల్ని..."

లైన్ కట్టయింది. నా ఒళ్ళు మండిపోయింది. ప్రశ్నపత్రం లీకైతే పరీక్ష మళ్ళీ పెడతారు. నా పరువు లీకైతే మళ్ళీ ఎవరు పెడతారు?

చెప్పులైనా సరిగ్గా తొడుక్కోకుండా చర్చికి పరిగెత్తాను. బృందం ప్రాక్టీసు చేస్తోంది. హార్మోనియం దగ్గర వినీల.

"మీ చెల్లెలు కబురు మోసింది, నువ్వు దండోరా వేశావు, అంతేగా? అవును, నాకు ఎడమ పక్కది సిలికానే! క్యాన్సరొస్తే తీసేశారు! ఇంకేం కావాలి మీకు?"

హార్మోనియం ఆగిపోయింది. ఆరుగురు ఆడవాళ్ళు నోళ్ళు తెరిచారు.

"మాకెవరికీ తెలీదండీ" అంది వినీల మెల్లగా. "ఇప్పుడు మీరు చెబితేనే..."

భూమి బద్దలై నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. మింగలేదు. నడిచే ఇంటికొచ్చాను.

సోమవారం స్కాన్ సెంటర్లో డాక్టర్ రాజేంద్రగారు తెర మీద బొమ్మ చూపించారు. తెల్లటి ముద్దలో నల్లటి గీతలు, పాయసంలో సేమియాలా తేలుతున్నాయి.

"సంచి చిరిగి, లోపలే ముడతలు పడిందండి. లీకంటే ఇదే. ఆపరేషన్ చేసి మార్చేస్తారు, కంగారు పడకండి. మీ ఒళ్ళు దాని చుట్టూ ఒక పొర కట్టుకుంది. అది ఒక్క చుక్క కూడా బయటికి పోనివ్వలేదు."

"మా ఆవిడ నోటికి కూడా అలాంటి పొర ఒకటి ఉంటే బాగుండేదండి" అన్నారు పక్కనే కూర్చున్న మా ఆయన.

కొరకొరా చూశాను. కానీ భయం తీరిందేమో, నాకే నవ్వొచ్చింది.

బయటికొస్తే బెంచీ మీద రాణిగారు కనిపించారు. చర్చి పాటల బృందంలో అందరికన్నా పెద్దావిడ. కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నారు.

"మీరేంటండీ ఇక్కడ?"

"ఏడాదిగా రొమ్ములో గడ్డుందమ్మా. ఎవరితో చెప్పుకోను? సిగ్గు. మొన్న నువ్వంత గట్టిగా అరిచాక, ఇంక నాకేం సిగ్గులే అనిపించింది."

నా కళ్ళు నిండాయి. హారతి ఆవిడ పేరు పిలిచింది. రాణిగారు లేచి, నా చెయ్యి గట్టిగా పట్టుకుని చెవిలో అన్నారు.

"ఎవరికీ చెప్పకమ్మా."

"అయ్యో, ఎంత మాటండీ!" అన్నాను.