పదేళ్ళ హద్దులు

…అయినా రెల్లు నాటించాలనడం తప్పేమీ కాదు. ఏటేటా చీట్లు వేసి లంకను పంచుకుంటుంటే, వచ్చే ఏడు ఈ ముక్క ఎవరి పాలవుతుందో తెలియనప్పుడు, అంచున రెల్లు ఎవడు నాటుతాడు? వేరుశనగ పీక్కుని ఎవరి దారిన వాళ్ళు పోతారు. వానాకాలం రాగానే గట్టు ఇరావతి నదిలోకి జారిపోతుంది. అందుకే ఈసారి చీటీలో ఎవరికి పడిన ముక్క పదేళ్ళపాటు వాళ్ళదే. ఎగువ కొసన రెల్లు, నడుమ చేలు, దిగువ ఇసుక పర్ర పశువుల మేతకు. భూమి సర్కారుదే కానీ చూసుకోవలసింది మనం. ఇదంతా తనే ఆలోచించాడు. తనే పటం గీసి పట్నంలో భూముల ఆఫీసుకు పట్టుకెళ్ళాడు. అక్కడి ఆఫీసరు ఆ పటాన్ని అటూ ఇటూ తిప్పి, ఏ వైపు పైనో తెలుసుకుని, బాగుందన్నాడు. ఇందులో తప్పెక్కడుంది?

ఎక్కడా లేదు. కో ఓన్‌ను కుదురుగా కూర్చోనివ్వనిది అదే.

బౌద్ధ విహారం చావడిలో ఇంటికొక చాప పరుచుకుని ఊరంతా కూర్చుంది. ఊరిపెద్ద ఊ పాన్ ముందు లక్క గిన్నె, అందులో చుట్టిన చీట్లు. పిల్లలు ఊరేసిన తేయాకులోంచి వేయించిన బఠానీలు ఏరుకుని తింటున్నారు. కో ఓన్ చాప మీద కో ఓన్ ఒక్కడే. కాస్త అవతల మ సెయిన్, ఆమె కూడా ఒక్కతే. భర్త పోయి చాలా ఏళ్ళయింది. పక్కన వెదురు టోపీ పెట్టుకుని, దానికి కూడా మనిషంత చోటిచ్చి కూర్చుంది.

రెండేళ్ళ కిందట చీట్లలో వాళ్ళిద్దరి ముక్కలూ పక్కపక్కన పడ్డాయి. ఆ చలికాలమంతా ఆమె మాట్లాడుతూనే ఉండేది. వేరుశనగ మొక్కలతో, కాకులతో, అతనితో. అతను ఒక మాటకు ఒక మాట, అదీ ఆలస్యంగా, బదులిచ్చేవాడు. మధ్యాహ్నం ఆమె తన అన్నంలో సగం ఆకులో పెట్టి హద్దు దాటించి ఉంచేది. "మీ నేలలో పెట్టాను. ఇక అది మీదే. నాకేం సంబంధం లేదు," అనేది. మరుసటి ఏడు ఆమెకు ఎగువన పడింది, అతనికి దిగువన. అంత దూరం నుంచి టోపీ ఒక్కటే కనబడేది. గట్టు ఎంత కోసుకుపోయిందో చూడాలని అతను మాటిమాటికీ ఎగువకు నడిచేవాడు. గట్టు నిజంగానే కోసుకుపోయింది. ఆ నడకల్లోంచే ఈ ప్లాను పుట్టింది.

మరి అతను కాపాడాలనుకున్నది గట్టునేనా? ప్రతి ఏడూ చీటీ విప్పేముందు తన వేళ్ళు వణకడం అతనికి తెలుసు. ఆశపడడం అతని ఒంటికి పడని పని. పదేళ్ళకోసారి వణికితే చాలనుకున్నాడేమో. మనిషి తన భయానికి నది పేరు పెట్టుకుని, దాని మీద పటం గీసి, ఊరిచేత ఒప్పించగలడు. అయినా ఆ పటం సరైనదే కావచ్చు. నవ్వొచ్చింది అతనికి. నవ్వలేదు.

పొద్దున విహారం మెట్ల దగ్గర ఆమె చెప్పులు విడుస్తూ అంది: "పదేళ్ళంటే చాలా కాలం కదూ, కో ఓన్?"

"గట్టు నిలవాలంటే అంత కావాలి."

"గట్టు సంగతి రాశారు, గడ్డి సంగతి రాశారు, ఆఖరికి గేదెల సంగతీ రాశారు. పక్కన ఎవరుంటారో అది మాత్రం చీటీకి వదిలేశారు." అని, జవాబు కోసం ఆగకుండా మెట్లెక్కిపోయింది.

ఆ మాటను అతను అప్పటినుంచీ తిప్పి తిప్పి చూస్తున్నాడు. వేళాకోళమా? ఫిర్యాదా? పక్కన ఎవరో గయ్యాళి పడుతుందని భయమా?

ఊ పాన్ గొంతు సవరించుకుని పాత కట్టుబాటు మళ్ళీ చదివాడు. ఒక పొయ్యికి ఒక ముక్క.

పిల్లాజెల్లాతో కిక్కిరిసిన చాప మీంచి ముసలి డా ట్వే చుట్ట నోట్లోంచి తీసింది. "ఇదేం న్యాయమయ్యా ఊ పాన్? మా పొయ్యి మీద ఇంటెడుమందికి వండుతాను, నాకూ ఒక ముక్కే. ఈ ఒంటికాయ కో ఓన్‌కీ ఒక ముక్కే!"

"అయితే వాడికి పెళ్ళి చెయ్యి. రెండు పొయ్యిలు ఒకటైతే ఒక ముక్క మిగులుతుంది. నీకే ఇస్తాను."

చావడి అంతా గొల్లుమంది.

"చెయ్యడానికి నేను సిద్ధమే నాయనా, పిల్ల దొరకొద్దూ?" అని డా ట్వే ఓరగా మ సెయిన్ వైపు చూసింది.

మ సెయిన్ తల ఎత్తకుండానే అంది. "గట్టు కొలిచినట్టు అన్నంలో మెతుకులు కొలిచే మనిషిని ఎవరు చేసుకుంటారు పిన్నీ? పైగా అడగాల్సినవాడు అడిగేసరికి లంకే కొట్టుకుపోతుంది."

మళ్ళీ నవ్వులు. ఆమె మాత్రం నవ్వలేదు. చెవులు ఎర్రబడ్డాయి. కో ఓన్ అది చూశాడు. చూసి, అది ఎండకు కమిలిన ఎరుపేమో అనుకోబోయాడు. చావడిలో ఎండ లేదు.

ఊ పాన్ ఒక్కొక్కరినే పిలవసాగాడు. గిన్నెలో చెయ్యి పెట్టి తీసినవాళ్ళు కొందరు కేకలు వేస్తున్నారు, కొందరు తిట్టుకుంటున్నారు. ఒక్కో చీటీ తగ్గేకొద్దీ లంక అతని కళ్ళముందు ముక్కముక్కగా నిండిపోతోంది. పదేళ్ళకు అతనికి అరవై దాటుతాయి. దూరంగా టోపీ. పదేళ్ళ టోపీ. పోనీ, చీటీలో పక్కనే పడితే? పడితే అది చీటీ చేసిన పని. అప్పుడు కూడా అతను ఏమీ అడిగినట్టు కాదు.

"కో ఓన్!"

అతను లేచాడు. గిన్నె ఎదురుగా ఉంది. ఊ పాన్ దాన్ని ముందుకు తోశాడు. "రావయ్యా, పటం గీసినవాడివి, నీకే భయమా?"

కో ఓన్ చీటీ తియ్యకుండానే వంగి తన చాప చుట్టి చంకన పెట్టుకున్నాడు. కూర్చున్నవాళ్ళ మోకాళ్ళ మధ్య నుంచి జాగ్రత్తగా నడిచి వెళ్ళి, మ సెయిన్ పక్కనున్న వెదురు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, ఆమె చాప అంచున కూర్చున్నాడు.