ఏసురత్నం చూపించిన నది

చేయాల్సిన పనులు మానస కాగితం మీద రాసుకుంది. సెలవు అడగాలి. గుట్ట ఎక్కొచ్చునో లేదో డాక్టరును అడగాలి. సావిత్రమ్మ మోకాళ్లకు పట్టీలు కొనాలి. ఆమె కొడుకు మహేందర్‌ను ఒప్పించాలి. ఎండ ముదరకముందే గుట్ట కిందికి చేరాలి.

మానస వనపర్తి దవాఖానలో కంటి రోగులకు చీటీలు రాస్తుంది. వాళ్లింట్లో డిగ్రీ దాకా చదివింది ఆమె ఒక్కతే. కన్ను చూపించుకోవడానికి వచ్చిన సావిత్రమ్మ పరిచయమై పది రోజులు కూడా కాలేదు. నీటికాసులతో, అంటే గ్లకోమాతో, ఆమె కుడి కన్ను ఎప్పుడో పోయింది. ఎడమది కూడా ఎక్కువ రోజులు నిలవదని డాక్టరు చెప్పాడు. బయటికొచ్చి ఆమె ఏడవలేదు, మానస దగ్గరికొచ్చింది.

"బిడ్డా, కోడేరు కాడ ఓ గుట్ట ఉంది. కన్నుండంగనే ఎక్కాలె. జర తోల్కపోతవా?" అంది.

ముప్పై ఏళ్ల కింద ఆ గుట్ట మీద నీళ్ల ట్యాంకు కట్టేటప్పుడు, ఆమె, భర్త ఏసురత్నం ఇటిక్యాల నుంచి కూలికి పోయారు. కూలీలు కింది నుంచి కొస దాకా వరుసగా నిలబడి కంకర తట్టలు చేతులు మార్చేవాళ్లు. ఎవరి జాగ వాళ్లదే, కదిలితే మేస్త్రీ ఊరుకోడు. సావిత్రమ్మది సగం గుట్టలో, ఒక నల్ల బండ పక్కన. ఏసురత్నంది కొసన. రోజూ మాపటికి జొన్నరొట్టె తింటూ అతను చెప్పేవాడు, పైనుంచి కృష్ణ ఎట్లా మెరుస్తుందో, గుండ్రటి పుట్టి పడవలు ఎట్లా పోతాయో. పని అయిపోయిన రోజే లారీ వచ్చి అందరినీ ఇంకో పనికి ఎక్కించుకుపోయింది. ఆమె పైకి పోనేలేదు. ఏసురత్నం పోయి ఆరేళ్లయింది.

"నాయిన మాటలు పట్టుకొని గుట్టలెక్కుతవా? పా, ఎత్తుకపోత," అన్నాడు మహేందర్ గుట్ట కిందికి చేరాక.

"మోసేటిదాన్ని నేను. నన్ను మోసుడేందిరా?"

సగం గుట్ట ఎక్కాక నల్ల బండ దగ్గర ఆమె ఆగిపోయింది. అలసిందేమో అనుకుని మానస నీళ్లిచ్చింది. తాగలేదు.

"నా జాగ గిదే బిడ్డా. ఈడి నుంచి పైకి నాది గాదు."

"ఇప్పుడు మేస్త్రీ లేడవ్వా. పోదాం పా."

ఆమె బండను పట్టుకుని పైకి అడుగేసింది.

కొసన నిలబడి, ఎడమ కంటికి ఎండ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని నాలుగు దిక్కులూ చూసింది. కృష్ణ ఉండే దిక్కున ఇంకో గుట్ట అడ్డంగా ఉంది. మానస ఫోనులో మ్యాపు తీసి చూసింది. నది ఆ గుట్టకు అవతల ఎక్కడో, చాలా దూరంలో ఉంది.

"చెప్తే విన్నవా? నీళ్లు లేవు, ఏం లేవు," అన్నాడు మహేందర్.

సావిత్రమ్మ ఫక్కున నవ్వింది. "దొంగ మొగోడు! రెండు నెల్లు నమ్మిచ్చిండు." తర్వాత ట్యాంకు గోడకు ఆనుకుని కూర్చుంది. "నీకంటే ముందల ఒక ఆడపిల్ల ఉండెరా. అది సచ్చిపోయిన ఏడే గీ పనికొచ్చినం. నేను తల నేలకేసుకొని తట్టలందిస్తుంటి. నేను పైకి చూడాలని గట్ల చెప్పిండు గావచ్చు."

అక్క ఉండేదని మహేందర్‌కు అంతవరకు ఎవరూ చెప్పలేదు. అతను వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. ఎండెక్కేదాకా ముగ్గురూ అక్కడే ఉన్నారు.

మీరు కోడేరు దిక్కు పోతే, గుట్ట మీద ట్యాంకు కనిపిస్తే, పెండ్లాం తలెత్తాలని కనిపించని నదిని చూపించిన ఏసురత్నాన్ని ఒకసారి తలుచుకోండి.