బట్టీ బూడిదతో తోమిన గ్లాసు

మార్కాపురంలో పాత సామాను దుకాణం పెట్టేనాటికి నా చేతిలో ఉన్నది ఒక ఇనుప కాటా, ఆ కాటా మీద జనానికి ఉన్న నమ్మకం. రెండోది నేను సంపాదించింది కాదు, మా నాయన ఇచ్చిపోయింది. జిలాని తూకం తప్పదని పలకల క్వారీ కాలనీలో ఆడవాళ్లు అనుకునేవారు. చిల్లుపడిన బిందె ఉన్నా, తుప్పుపట్టిన గడ్డపార ఉన్నా నా బండి వచ్చేదాకా దాచేవారు.

ఆ నమ్మకం మీదే ఇనుము నుంచి బ్యాటరీలకు మారాను. ఆటోల పాత బ్యాటరీలు కొని, పగలగొట్టి, లోపలి సీసం కరిగించి దిమ్మలుగా అమ్మడం. ఊళ్లో పొగ పెడితే ఊరుకోరు కాబట్టి కాలనీ వెనక పాడుబడిన క్వారీలో బట్టీ పెట్టాను. నాలుగేళ్లు నడిచింది. కరిగించిన ప్రతిసారీ బూడిద మిగిలేది. దిమ్మలు కొనే షావుకారు మొదటి రోజే చెప్పాడు, ఆ బూడిదలోనూ సీసం ఉంటుంది, కడుపులోకి పోతే విషం, సంచుల్లో కట్టి నాకే తిరిగి పంపు అని. పంపాలంటే ట్రాక్టరు బాడుగ. నేను క్వారీ అంచునే కుప్ప పోశాను. పక్కనే పలక పొడి కుప్ప ఉండేది.

ఆ కాలనీలో గిన్నెలు తోమేది పలక పొడితోనే. రాయి కోసేచోట కాళ్ల కింద అంత మెత్తటి పొడి పడి ఉంటే సబ్బు ఎవరు కొంటారు? తాతలనాటి అలవాటు. నా బూడిదా చూడడానికి అట్లాగే ఉండేది, పైగా గిన్నెలకు మెరుపు ఎక్కువ తెచ్చేది. ఒకరోజు యేసుమణి చేట పట్టుకొని వచ్చి తీసుకుపోవచ్చా అని అడిగింది. ఆమె పలకలు కోసే చోట కూలి. కొడుకూ కోడలూ హైదరాబాదులో పనికి పోతే మనవరాలు జాహ్నవిని తనే పెంచుతోంది. తీసుకుపొమ్మన్నాను. ఆమెను చూసి మిగతావాళ్లూ వచ్చారు. వానకాలం వాకిళ్లలో కూడా చల్లుకున్నారు. కుప్ప తరుగుతుంటే బాడుగ మిగిలిందనుకున్నాను.

మా ఇంట్లో మాత్రం ఆ పొడి గడప దాటి రాకూడదని నా భార్య అమీనాబీకి చెప్పాను. ఎన్నిసార్లు లెక్క తిరగేసినా ఆ పద్దు దగ్గర నాకు తల లేవదు.

బట్టీ ఆపేసినా కుప్ప మిగిలే ఉంది. ఆపిన రెండేళ్లకు ఆరోగ్య శాఖవాళ్లు బడిలో రక్తపరీక్షలు చేశారు. కాలనీ పిల్లలు పదకొండు మంది రక్తంలో సీసం ఉందని తేలింది. జాహ్నవికి అందరికంటే ఎక్కువ. కడుపునొప్పని అన్నం ముట్టదు, నిన్న చెప్పిన ఎక్కం ఇవాళ గుర్తుండదు.

ఆ శాఖవాళ్లే నెలరోజులు ఆటోకు మైకు కట్టుకొని వచ్చి, సీసం ప్రమాదం, దుమ్ముకు దూరంగా ఉండండి అని చెప్పారు. కాగితాలు పంచారు. దుమ్ము అనగానే కాలనీ బిగుసుకుపోయింది. వాళ్లకు తెలిసిన దుమ్ము పలకల దుమ్మే. ఆ పేరు పెట్టి క్వారీలు మూయించడానికి వచ్చారనుకున్నారు. కాగితాలు పొయ్యి రాజేయడానికి పనికొచ్చాయి.

అప్పుడు నర్సు శ్రీదేవి నా దుకాణానికి వచ్చింది. కొత్తగా బదిలీ మీద వచ్చిన మనిషి, బట్టీ సంగతి తెలియదు. మట్టి పరీక్షకు పంపామని, ఫలితం రావడానికి నెల పడుతుందని చెప్పింది.

“మా మాట చెవిన పెట్టడం లేదు జిలానన్నా. నీ మాటైతే వింటారు. నువ్వొకసారి వచ్చి చెప్పు.”

నెల గడువు దొరికిందని లెక్కేశాను. చేతులు కడుక్కోమని చెబితే మంచి పేరు వస్తుంది, బూడిద మాట ఎత్తనక్కర్లేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక యేసుమణి వాకిట్లో అందరినీ కూర్చోబెట్టి మాట్లాడాను. బుద్ధిగా విన్నారు. పలక పొడి కూడా అంత మంచిది కాదని చివర్లో నసిగి ముగించాను.

యేసుమణి టీ తెచ్చింది. స్టీలు గ్లాసులో నా ముఖం కనబడింది. తీసుకొని కింద పెట్టాను.

“ఏందన్నా, తాగవా?”

“షుగర్ ఉందమ్మా.”

“ఒకసారి రోజా ఉపవాసం అంటావు, ఇంకోసారి షుగర్ అంటావు. బట్టీ పెట్టినకాడి నుంచి మా ఇంట్లో చుక్క ముట్టింది లేదు.”

గోడవారన కూర్చున్న ఆదెయ్య నవ్వాడు. “బస్టాండులో రోజూ టీ తాగుతాడు. ఆ షుగర్ మన కాలనీకొస్తేనే లేస్తుందేమో.”

అందరూ నవ్వారు. “తాత వద్దంటే నేను తాగుతా అవ్వా” అని జాహ్నవి వచ్చి గ్లాసు పెదవుల దాకా ఎత్తింది. నేను లాక్కున్నాను. టీ నా చేతి మీద ఒలికింది. నవ్వులు ఆగిపోయాయి.

“దుమ్ము కాదు, పలక పొడీ కాదు” అన్నాను. “మీరు తోముతున్నది నా బట్టీ బూడిద. సీసం దాంట్లో ఉంది.”

యేసుమణి గ్లాసు వైపు చూసింది. “నీకెప్పుడు తెలిసింది?”

“మొదటి నుంచీ తెలుసు.”

“నేను చేట పట్టుకొని అడిగిననాడు?”

“అప్పుడూ తెలుసు.”

ఆమె నా చేతిలోని గ్లాసు తీసుకొని పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. “మీ ఇంట్లో దేంతో తోముతారు?”

“సబ్బుతో.”

ఆమె జాహ్నవి చెయ్యి పట్టుకొని లోపలికి పోయింది.

మైకు నెలరోజులు చెప్పలేనిది ఆ ఒక్క మాట చెప్పింది. సాయంత్రానికి ఇంటింటి డబ్బాల్లోని బూడిద వీధిలోకి వచ్చింది. శ్రీదేవికి నేనే ఫోన్ చేసి అంతా చెప్పాను. పొడిగా ఊడిస్తే లేస్తుంది, తడిపి ఎత్తాలంది. ముక్కుకు గుడ్డ కట్టుకొని వాకిళ్లు తడిపాను, సంచులు నింపాను, ట్రాక్టరు పెట్టాను. నాలుగు ట్రిప్పులు పట్టింది. ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే కొంత చెల్లినట్టు ఉండేది. నా మీద కేసు నడుస్తోంది.

కాలనీ నుంచి నా కాటా మీదికి ఇప్పుడు ఒక మేకు కూడా రాదు. యేసుమణి పాత సామానంతా ఇంకో బండివాడికి వేస్తోంది. వాడి కాటా కిలోకు వంద గ్రాములు కొడుతుందని ఆమెకు తెలుసు. తెలిసే వేస్తోంది.

పోయినది అది. ఇక పద్దులో వచ్చినది. పదకొండు మందిలో తొమ్మిది మందికి సీసం తగ్గింది. జాహ్నవికీ తగ్గింది, ఇంకా తగ్గాలట. అన్నం తింటోంది. పోయిన చురుకు మొత్తం తిరిగి రాకపోవచ్చని డాక్టరు అన్నాడట. మొన్న బడి ముందు నుంచి పోతూ విన్నాను, నాలుగో ఎక్కం తప్పులేకుండా చెప్పి, ఐదో ఎక్కం సగంలో ఆగింది.

నాకు మిగిలింది అంతవరకే.