మా అత్తయ్య ఊదిన సంచి

మా అత్తయ్య ఇన్నమ్మ నోట్లో నువ్వుగింజ నానదని ముసునూరంతా అంటారు. నేనూ నమ్మాను, పిచ్చిదాన్ని.

ఊపిరిలో కలిసే ఆవిరుల్ని బట్టి షుగర్ లాంటి జబ్బుల్ని పసిగట్టొచ్చేమో చూస్తామని పరిశోధన చేసే సౌజన్యగారు బెజవాడ నుంచి మిషన్ తెచ్చి చర్చి వరండాలో పెట్టారు. మామిడి తోటల్లో పనిచేసేవాళ్లందరినీ పరగడుపున రమ్మన్నారు. అత్తయ్యకి గుండెల్లో రాయి పడింది. వాళ్లమ్మ కాలు షుగర్‌కే పోయింది. అందుకే ఏటా రసాలు దిగే రోజుల్లో ఒక్క పండు తిని వారమంతా హడలిపోతుంది. సూదంటే భయం, రక్తపరీక్షకి ఎన్నడూ పోలేదు. ఊదడమే కదా అని ధైర్యం చేసి వచ్చింది.

గొట్టంలోంచి సంచిలోకి ఊదింది. సౌజన్యగారు తెర చూసి కంగారుపడ్డారు.

"అసిటోన్ అనే ఆవిరి చాలా ఎక్కువుందండీ. షుగర్ బాగా పెరిగినా ఇలాగే వస్తుంది. వేలికి సూది గుచ్చి చూద్దాం."

"అయిపోయింది షాలోమీ, మా అమ్మకొచ్చిందే నాకూ వచ్చింది" అంటూ అత్తయ్య నా చెయ్యి పట్టుకుని వేలు చాపింది. నాకూ ఏడుపొచ్చేసింది.

తీరా చూస్తే రక్తంలో షుగర్ మామూలుగానే ఉంది. కాస్త తక్కువే.

"ఆఖరుసారి ఎప్పుడు తిన్నారండీ?" అన్నారు సౌజన్యగారు.

అత్తయ్య నేలచూపులు చూసింది. అప్పుడు నాకు వెలిగింది. మొన్నటి నుంచీ అన్నానికి పిలిస్తే "తోటలో తినేశా" అంటూనే ఉంది.

"అత్తయ్యా, ఉపవాస ప్రార్థనలో ఉన్నారా?"

"గట్టిగా అనకే! ఉపవాసం సంగతి దేవుడికి తప్ప ఎవరికీ తెలియకూడదు. పరీక్ష బాగా రావాలని పట్టాను."

సౌజన్యగారికి నవ్వాగలేదు. "తిండి లేకపోతే ఒళ్లు కొవ్వు కరిగించుకుంటుందండీ. దాంతోనే ఊపిరిలో అసిటోన్ పెరుగుతుంది. వారమంతా రోజూలాగే తిని వచ్చేవారం పరగడుపున రండి, ఇంకోసారి చూద్దాం."

అత్తయ్య కళ్లు తుడుచుకుని మిషన్ కేసి గుడ్లురిమి చూసింది. "దేవుడికీ నాకూ మధ్య మాట అందరి ముందూ బయటపెట్టిందేంటమ్మా ఇది!"

వరండా అంతా గొల్లున నవ్వింది.

వారం తర్వాత ఊపిరీ రక్తమూ రెండూ బాగున్నాయి, షుగర్ లేదన్నారు. అత్తయ్య నిజమేనా అని మళ్లీ మళ్లీ అడిగి, తోటకి పోయి చిన్నరసం పండొకటి మెత్తగా పిసికి జుర్రుకుంది. మోచేతుల దాకా రసం కారుతుండగా ఇంకోటి అందుకుంది. నేను కోడలిగా వచ్చాక ఆవిడ రెండో పండు తినగా చూడటం అదే మొదలు.